పరాయి కన్నులకుఁ గనఁబడిన మన వాకిలి

రాజులు కట్టించిన గుళ్లకు శాసనములున్నవి. వారు గెలిచిన యుద్ధములకుఁ గావ్యములున్నవి. కాని నూటతొంబదియేండ్ల క్రిందట మన ముత్తవ్వలు తెల్లవాఱి లేచి యే రేవునుండి నీరు తెచ్చిరో, పురిటి మంచముమీఁది కోడలికి మొదటి పథ్యమేమి పెట్టిరో, ఊర మశూచి పొడసూపినపుడు పసిబిడ్డల నే మూలను దాఁచిరో తెలిసికొనఁగోరినచో నే రాతిమీఁదను వ్రాసియుండలేదు. ఇందులకు చదువు లేకపోవుట యొక్కటే కారణమని మేము తలంపము. దినదినమును జేయు పని వ్రాయఁదగినదని యెవరికిని దోఁపదు. పెరటిచెట్టు వైద్యమునకుఁ బనికిరాదను సామెత చరిత్ర విషయమునఁ గూడ నిజమైనది. ఆ చెట్టును జూచి వింతపడి, దాని యాకెట్టిది, పూవెట్టిది యని వ్రాసిపెట్టువారు తఱచుగాఁ బరదేశమునుండి వచ్చినవారే. అట్టి కొందఱు స్త్రీల లేఖలను గూర్చియు, అట్టి లేఖ లేవియు మిగుల్పక సముద్రము దాఁటిన మన స్త్రీలను గూర్చియు ఈ నెల ముచ్చటించెదము.

1836వ సంవత్సరమున జూలియా యను ఆంగ్లేయవనిత చెన్నపట్టణమున నోడ దిగెను. ఆమె 1808లోఁ బుట్టినది, క్రొత్తగాఁ బెండ్లియైనది. భర్త జేమ్సు థామసు కుంపిణీ ప్రభుత్వమున నుద్యోగి. మఱుసటి యేఁడు ఆయనకు రాజమహేంద్రవరమున జిల్లా న్యాయాధిపతి పని దొరకఁగా దంపతులు పసిబిడ్డతో నచ్చటికిఁ జేరిరి. చెన్నపట్టణమునుండియు, రాజమహేంద్రవరమునుండియు ఆమె తన తల్లికిని, ఇంటివారికిని వ్రాసిన లేఖలు 1843లో లండనునందు ‘మద్రాసునుండి లేఖలు’ అను పేర నచ్చుపడెను. అట్టమీఁద వ్రాసినవారి పేరు లేదు. ‘ఒక దొరసాని’ యని మాత్రమే యుండెను. అప్పటికి మొదటి భర్త 1840లో మరణించెను. ఆమె స్వదేశమున మరల వివాహమాడి జూలియా మేట్లండు అయ్యెను. ఆ పేరుతోనే నేఁడు లోక మామెను ఎఱుఁగును.

ఆమె చూచిన రాజమహేంద్రవర మెట్టిదో యొక్కమాఱు తలంచుకొందము. అప్పటికి ధవళేశ్వరమున నానకట్ట లేదు. దాని పని 1847లో మొదలై 1852లో ముగిసినది. గోదావరిమీఁద రైలువంతెన లేదు. అది 1900లోఁ దెఱవఁబడినది. వీరేశలింగము పంతులుగారు పుట్టుటకు ఇంకను పదునొకండేండ్లు గడువవలసియుండెను; వారు ధవళేశ్వరమున బాలికల బడి పెట్టుటకు 1874 రావలసియుండెను. అనఁగా మనము పుస్తకములలోఁ జదువుకొను రాజమహేంద్రవరమునకు ముందుండిన రాజమహేంద్రవర మది. ఆ దినములలో నా యూరి స్త్రీ యొక్కతెయైనను తన దినచర్యను వ్రాసియుండెనేని ఆ కాగితమును మనము కన్నుల నద్దుకొని యుందుము. అట్టిది మాకుఁ గానరాలేదు. సముద్రము దాఁటి వచ్చిన దొరసాని లేఖలే మనకు మిగిలినవి.

ఆమె యేల వ్రాసినది? తల్లికి చూపింపవలెనని వ్రాసినది. నాఁడు సూయజు కాలువ లేదు. ఆఫ్రికాఖండపు దక్షిణాగ్రమును జుట్టి వచ్చు తెరచాప యోడలకు నాలుగైదు నెలలు పట్టెడిది. ఇచ్చటినుండి యడిగిన ప్రశ్నకు అచ్చటినుండి బదులు వచ్చునప్పటికి చంటిబిడ్డ నడక నేర్చుచుండెడిది. తల్లికిఁ బల్లకి యెట్లుండునో తెలియదు. ఆయా యననెవరో తెలియదు. ఒక్కొక్క పనికి నొక్కొక్క సేవకుఁ డుండు నింటిపద్ధతి యామె యూహ కందదు. కావునఁ గూఁతురు ప్రతిదానిని విప్పి చెప్పవలసివచ్చెను. ఇంటి పనివారి లెక్క, ఎండల తీవ్రత, దీపము చుట్టు ముసరు పురుగులు, చూడవచ్చిన పెద్దమనుష్యుల మాటతీరు, ‘జెంటూ’ యని నాఁటి యాంగ్లేయులు పిలిచిన మన తెనుఁగును నేర్చుకొనఁబూనిన ప్రయాస, ఇవి యన్నియు లేఖల కెక్కినవి. దంపతులు రాజమహేంద్రవరమున బాలురకొక బడి పెట్టిన సంగతియు, ఊరివారికొక పఠనమందిరము తెఱచిన సంగతియు నందే తెలియుచున్నవి. ఇట్టి చిన్న సంగతులే నూఱేండ్లు గడచునప్పటికి ఊరి చరిత్రయగును.

ఆమె దృష్టిలోని గుణదోషములను రెంటిని జూడవలెను. తనతోడి యాంగ్లేయులు మన జనులను నీచముగాఁ జూచి కసరుకొనుట యామెకు నచ్చలేదు. ఏండ్ల తరబడి యిచ్చట నుండియు దేశమును గూర్చి యేమియు నెఱుఁగమని, ఎఱుఁగకుండుటయే మేలని చెప్పుకొను దొరసానులను ఆమె యెత్తిపొడిచినది. ఇది మెచ్చదగినది. కాని మన దేవతార్చన ఆమెకు మూఢభక్తిగానే కనఁబడినది. మన కథలు, ఆచారములు చాలవఱకు నవ్వుపుట్టించినవి. తన మతమే మతమను నమ్మకమును ఓడతోపాటు తెచ్చుకొన్నది గదా! అన్నిటికంటె ముఖ్యమైన లోపము వేఱొకటి. ఆమె మన వీథి యరుఁగువఱకే వచ్చినది. వంటయింటి గడప యీవల జరిగినది చూచినది గాని, ఆవల నత్తకోడండ్రు మెల్లఁగాఁ జెప్పుకొన్న మాట యామె చెవినిఁ బడలేదు. పనివారి నోటను, కచ్చేరి గుమాస్తాల నోటను విన్న దేశమే యామెకు దేశము.

విరాటపర్వమును జదివినవారికి దీని మర్మము సులభముగాఁ దెలియును. సైరంధ్రి విరాటుని కొలువునకుఁ బరాయిది. అయినను అంతఃపురమున దాసిగా మెలఁగినది కావున నచ్చటి న్యాయాన్యాయములు వీపుమీఁది దెబ్బవలె నామెకుఁ దెలిసినవి. దొరసాని పరాయిదే, కాని యేలికల యింటి యిల్లాలు. ఆమెకుఁ బనిచేయు దేశము కనఁబడినది గాని, ఆ దేశమున నొకతెయై మెలఁగిన యెఱుక కలుగలేదు. కాఁబట్టి యిట్టి గ్రంథములను జదువునపుడు మూఁడు ప్రశ్నలు వేసికొనవలెనని మా యభిప్రాయము. ఈ మాట చెప్పినవారు దానిని కన్నులారఁ జూచిరా, లేక వినిరా? చూచినది యొక్క యింటనా, పదియిండ్లలోనా? చూచునపుడు వారు కూర్చున్నది పీఁటమీఁదనా, సింహాసనముమీఁదనా? ఈ జల్లెడలో నిలిచినదానిని ఎవరు వ్రాసినను మన చరిత్రగాఁ గైకొనవచ్చును.

గడప దాఁటి లోపలికిఁ బోఁగలిగిన పరదేశిని యేమి తేఁగలదో చూపుటకు వేఱొక దేశపు నిదర్శనము చెప్పెదము. జూలియాకు నూటయిరువదియేండ్ల ముందు, అనఁగా 1716లో, లేడీ మేరీ వర్ట్లీ మాంటేగు అను నాంగ్లేయవనిత తురుష్కదేశమునకు రాయబారిగా నియమింపఁబడిన భర్తతోఁ బయలుదేఱెను. అంతకుముందు ఆ దేశమును జూచివచ్చిన పురుషులు అచ్చటి యంతఃపురములను గూర్చి పుటలకొలఁది వ్రాసిరి. లోపలికిఁ బోవుటకు వీలులేనివారు లోపలి సంగతు లెట్లు వ్రాసిరని యామె నవ్వినది. తాను స్త్రీ యగుటచే స్నానశాలలకును, పెద్దయిండ్ల లోఁగిళ్లకును బోయి, అచ్చటి స్త్రీలతోఁ గూర్చుండి మాటలాడి, చూచినది చూచినట్లు వ్రాసినది.

అట్లు చూచినవానిలో నొకటి లోకమునకు మేలుచేసినది. ఆమె తమ్ముఁడు 1713లో మశూచికముచే మరణించెను. 1715లో నామెకే యా వ్యాధి సోఁకి ముఖసౌందర్యమును హరించెను. ఆ దేశమునందో, శరదృతువు రాఁగానే ముదుసలి స్త్రీలు కొందఱు మశూచికపు రసమును అక్రోటుకాయ చిప్పలోఁ బెట్టుకొని వచ్చి, సూదితో నరమును గీఱి యించుక యెక్కింతురనియు, పిల్లలకు స్వల్పముగా జ్వరము వచ్చి తగ్గిపోవుననియు, పిదప నా వ్యాధి వారిదరి చేరదనియు నామె 1717లో నొక స్నేహితురాలికి వ్రాసెను. 1718లోఁ దన కుమారునకట్లు చేయించెను. స్వదేశమునకు మరలిన పిదప 1721లో లండనునందుఁ గూఁతునకుఁ జేయించి, వైద్యుల యెదుట దానిని నిలువఁబెట్టెను. ఆ పద్ధతిలోఁ గొంత యపాయ ముండకపోలేదు. 1796లో జెన్నరు గోమశూచికపు టీకాను గనిపెట్టిన పిదప నది క్రమముగాఁ దొలఁగెను. 1980లో ప్రపంచారోగ్యసంస్థ మశూచికము భూమిమీఁద లేదని ప్రకటించెను. అయినను మొదటి గౌరవ మెవరిది? చిప్పయు సూదియుఁ బుచ్చుకొని యింటింటికిఁ దిరిగిన యా పేరులేని ముదుసలులది. వారికి వ్రాయుట తెలియదు. పరదేశిని వ్రాసినది కావున వారి విద్య సముద్రము దాఁటినది.

వ్రాయుట యొకయెత్తు, దాఁచుట యొకయెత్తు. జూలియా తల్లి షార్లటు బ్యారెటు తన పెద్దతల్లి ఫానీ బర్నీ దినచర్యలను భద్రపఱచి, 1842 మొదలు ప్రకటించిన యిల్లాలు. ఇంటి కాగితముల విలువ తెలిసిన కుటుంబ మది. కావుననే రాజమహేంద్రవరపు లేఖలు చెదలపాలు కాలేదు. లేడీ మేరీ విషయమున వేఱుగా జరిగినది. ఆమె 1762లో మరణించెను. తురుష్కదేశపు లేఖలు మఱుసటి యేఁడు వెలువడినవి. కాని యేండ్లకొలఁది వ్రాసికొన్న దినచర్యను ఆమె కూఁతురే 1794లోఁ దాను కన్నుమూయుటకుముందు తగులఁబెట్టెను. కుటుంబగౌరవమునకు భంగమని భయపడినది కాఁబోలు. ఒక కూఁతురి చేతి నిప్పు ఎంతటి చరిత్రను బూదిచేయునో చూడుఁడు!

ఇఁక మనవారి మాట. దొరసాని గోదావరియొడ్డునఁ గూర్చుండి లేఖలు వ్రాసిన యా దశాబ్దమందే, ఆ గోదావరి యొక్క గౌతమీశాఖ సముద్రమునఁ గలియు చోటికి దాపుననున్న కోరంగి రేవునుండి తెనుఁగు కూలీలు మారిషసు ద్వీపమున కోడ లెక్కుచుండిరి. గుంటూరు సీమను మాడ్చిన 1832–33 నాఁటి డొక్కల కఱవు జనులకింకను మఱపునకు రాలేదు. ఆ ద్వీపమున 1835లో దాస్యము రద్దుకాఁగా చెఱకుతోటల దొరలకుఁ బనివారు కావలసివచ్చిరి. 1834 మొదలుకొని యేండ్లపర్యంత మొడంబడికమీఁద మన దేశపు కూలీలను రప్పించుకొనుట యారంభమైనది. ఇరువదవ శతాబ్దపు మొదటి భాగము ముగియులోఁగా దాదాపు అయిదు లక్షలమంది హిందూదేశీయులు ఆ దీవిలో దిగిరి. వారిలోఁ బెక్కండ్రు ఉత్తరదేశపువారు. తెనుఁగువారు కొంద ఱే. వారిని అచ్చటివారు కోరంగి రేవుపేర ‘కోరింగీ’లనిరి. ఆ రేవు 1839 నవంబరు నాఁటి పెనుతుపానుచే నాశమయ్యెను. పేరు మాత్రము సముద్రమున కావల బ్రదికినది.

మొదటి యోడలలో స్త్రీలు మిక్కిలి తక్కువ. ఉన్న యా కొందఱును ఏమి యనుకొనిరి? పోర్టులూయీ రేవున వలసవారి నుంచుటకు 1849లోఁ గట్టిన శాల యిప్పటికి ‘ఆప్రవాసి ఘాట్’ అను పేర నున్నది. 2006లో ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తింపఁబడినది. రేవునుండి పైకిఁ బోవ పదునాఱు మెట్లు. ఆ మెట్లమీఁదఁ గాలు మోపిన మన యాఁడుపడుచు గుండె యెట్లు కొట్టుకొన్నదో చెప్పు కాగితము మాకు దొరకలేదు. ప్రభుత్వపు చిట్టాలు మాత్రము మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రముగా నున్నవి. వానిలోఁ బేరు, తండ్రిపేరు, ఈడు, ఎత్తు, కులము, ఊరు ఉండును. తర్వాతి కాలపువానికి ఛాయాచిత్రములు కూడ నుండును. గుమాస్తా ఆమె యెత్తు కొలిచి వ్రాసినాఁడు. ఆమె యేమి విడిచి వచ్చినదో వ్రాయుట వాని పని కాదు.

అయినను ఆ స్త్రీలు చేతులూఁపుకొనుచుఁ బోలేదు. నేఁటికిని మారిషసు తెనుఁగువారి యిండ్ల సింహాద్రి యప్పన్న పూజ జరుగును, రామభజన జరుగును, అమ్మోరు పండుగ జరుగును, ఉగాది యచ్చట ప్రభుత్వమువా రిచ్చు సెలవుదినము. అప్పన్న పేరు వినఁగానే వారి తాతముత్తాతలలోఁ బెక్కండ్రు విశాఖపట్టణపుఁ బ్రాంతమువారని తెలియుచున్నది గదా! పీఁటవేసి, పసుపురాసి, పాట చెప్పి తల్లి కూఁతునకును, అత్త కోడలికిని అందించినందున నా దేవుఁడు దీవిలో నిలిచినాఁడు. లేఖ చేయలేని పని నాచార మీరీతిని జేసినది. కాని ఆచారము ‘ఏమి’ యన్నది నిలుపును. ‘ఎందులకు’, ‘ఎట్లుండెను’ అన్నవానిని నిలుపలేదు. ఊరేల విడిచిరి, ఎవరు పంపిరి, మొదటిరాత్రి యే భాషవారి ప్రక్కఁ బండుకొనిరి యన్న ప్రశ్నలకు పూజాద్రవ్యములు బదులు చెప్పవు.

మనవా రెవరును వ్రాయలేదని కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830–31లో చెన్నపట్టణమునుండి కాశికిఁ బోయి వచ్చి, మజిలీ మజిలీకి నీటివసతి, అంగళ్లు, జనుల నడవడి వ్రాసిపెట్టిరి. ఆ గ్రంథము 1838లో నచ్చయ్యెను. స్త్రీలలోఁ బోతము జానకమ్మగారు 1870 ప్రాంతముల తర్వాత నింగ్లండునకుఁ బోయి వచ్చి, తాము చూచినదానిని మొదట తెనుఁగునను, పిదప నాంగ్లమునను వ్రాసిరి. ఆంగ్లగ్రంథము ‘పిక్చర్సు ఆఫ్ ఇంగ్లండు’ అను పేర 1876లో మద్రాసున వెలువడెను. ఆలోచింపుఁడు: దొరసాని మన గోదావరితీరమును జూచి వ్రాసిన నలువదియేండ్లకు తెనుఁగిల్లాలు దొరసానుల యూరినే చూచి వ్రాసినది! వారు మనకు వింత. మనము వారికి వింత. ఇరువైపులవారును వ్రాసిననే గదా తక్కెడ సరిగా నిలుచును.

ఇప్పుడు మన యిండ్ల సంగతి చూడుఁడు. ఈ పత్రికను జదువు కుటుంబములలో నొక కూఁతురో, మేనగోడలో అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫు దేశములలోనో కాఁపురము చేయని యిల్లు వెదకికొనవలెను. ప్రతిదినము ఫోనులో మాటలాడుచున్నాము; ముఖములు కూడఁ జూచుకొనుచున్నాము. దూరపు బాధ తగ్గినది, సంతోషమే. కాని యా మాట లేవియు సాయంకాలమునకు మిగులుట లేదు. మనమ్మాయి పరదేశమున మొదటి చలికాల మెట్లు గడపినదో, పురిటికిఁ దల్లి రాలేకపోయినపు డే పొరుగింటి యన్యదేశీయురాలు గంజి కాచి యిచ్చినదో నేఁడు మనకుఁ దెలియును, మనుమరాండ్రకుఁ దెలియదు. వీరాస్వామయ్యగారికి లేని సౌకర్యము లన్నియు మనకున్నవి. వారి కున్న యొక యలవాటు మాత్రము లేదు.

కావున మేము కోరునది చిన్నపని. పరదేశమున నున్న పడుచులు నెలకొక్క లేఖ కాగితముమీఁద తెనుఁగున వ్రాయవలెను. క్షేమసమాచారముతో నాపక, పాల వెల యెంత, చింతపండు దొరకనినాఁడు పులుసునకేమి వేసితిరి, బిడ్డకు జ్వరము వచ్చిన నెవరిని బిలిచితిరి, పొరుగువారు మిమ్ముఁ జూచి యేమడిగిరి, వారి నడవడిలో మెచ్చిన దేది, నొచ్చిన దేది, ఇవి వ్రాయుఁడు. ఒక పనిమనిషిని బట్టి, ఒక పొరుగును బట్టి దేశమంత యిట్టిదని తీర్పు చెప్పకుఁడు. దొరసాని మనయెడఁ జేసిన పొరపాటు మన మితరులయెడఁ జేయుట తగదు.

ఇంటనున్న మనకును బని కలదు. అత్తగారిని, అమ్మమ్మను గూర్చుండఁబెట్టుకొని, ఊరిలోఁ గుళాయి రాకముందు నీరెక్కడిది, అక్షరము లెవరు నేర్పిరి, బర్మాకుఁ బోయిన పెదతాత మరల వచ్చెనా యని యడిగి వ్రాసికొనవలెను. కొన్ని సంగతులు గుట్టుగా నుండవలసినవి యుండును. వానిని విడువుఁడు, లేదా యిన్నేండ్లవఱకు విప్పరాదని పైన వ్రాసి కట్టిపెట్టుఁడు. తగులఁబెట్టవలదు. ప్రతి కాగితముమీఁద తేదియు, ఊరిపేరును, వ్రాసినవారి పేరును వేయుట మఱవకుఁడు. అవి లేనిదే పదియేండ్లకు మనకే పోలిక తెలియదు. పిదప నెండిన వేపాకు నడుమ నుంచి పెట్టె యడుగున కాక పైననే పెట్టుఁడు, పిల్లల చేతికందునట్లు.